అపరిచితుల్ని అయినవాళ్ళుగా చేసే విద్య

పీచ్ తోట పక్కన పాడుబడ్డ పాత కారు. అందులో కూర్చున్న ముగ్గురు పిల్లలకు అది అంతరిక్షంలో దూసుకుపోతున్న నౌక. ఒకరికొకరు ఆజ్ఞలిచ్చుకుంటారు, కేకలు పెడతారు. ఇంతలో నిజంగానే ఓ పెద్ద యంత్రం దగ్గరికొస్తుంది. పిల్లలు దిగి పరుగెడతారు. కాసేపటికి క్రేన్ ఆ కారును లేపుకుపోతుంది. 'అల్కర్రాస్' (2022) సినిమా ఇలా మొదలవుతుంది. ఈ నేల మీద బతికేవాళ్ళు ఒకరు, దాని మీద హక్కున్నవాళ్ళు వేరొకరు. కథకు మూలమైన ఆ సంగతి మనకు ఈ రెండు మూడు నిమిషాల్లోనే తెలిసిపోతుంది, ఆ మాట మాత్రం ఎవరూ అనరు. ఇంట్లో పెద్దవాళ్ళకు పోబోతున్నదేమిటో పూర్తిగా అర్థం కాకముందే పిల్లలకు పోవలసింది పోయింది.

స్పెయిన్ నుంచి ఇకముందు వచ్చే సినిమాల్లో దేనికోసం ఎదురుచూడాలని అడిగితే నేను మొదట చెప్పే పేరు ఈ సినిమా తీసిన కార్లా సిమోన్‌ది. పుట్టింది 1986లో, బార్సెలోనాలో. ఇప్పటికి తీసిన పూర్తి నిడివి చిత్రాలు మూడు: 'ఎస్తియు 1993' (2017), 'అల్కర్రాస్', 'రొమెరీయా' (2025). ఈ దేశంలో ఇవాళ మంచి దర్శకులకు కొదవ లేదు. ఎడారిలో మోగే సంగీతాన్నీ మృత్యువునూ కలిపి 'సిరాత్' తీసిన ఒలివెర్ లాషే ఉన్నాడు. తేనెటీగల పెంపకం మధ్య ఓ పాప తనను తాను వెతుక్కునే కథ చెప్పిన ఎస్తిబాలిస్ ఉర్రెసోలా ఉంది. వాళ్ళ సినిమాల కోసమూ నేను చూస్తూనే ఉంటాను. కానీ పనితనాన్ని దగ్గరగా పరిశీలించి నేర్చుకోవాలనుకునేవాళ్ళు కార్లా దగ్గరికే వెళ్ళాలి. ఆమె చేసే పనిలో ముఖ్యమైన భాగం కెమెరా తిరగడానికి చాలా ముందే అయిపోతుంది. అక్కడే ఆమె గొప్పతనం ఉందని నా నమ్మకం.

అల్కర్రాస్ అన్నది ఓ ఊరి పేరు. స్పెయిన్ ఈశాన్యాన ఉన్న కాటలోనియాలో, లేయిదా ప్రాంతంలో ఉంది. పీచ్ పళ్ళకు పేరుపడ్డ చోటు. సొలే కుటుంబం అక్కడ తరాలుగా పీచ్ తోట సాగు చేస్తోంది. భూమి మాత్రం పిన్యోల్ కుటుంబానిది. 1936లో మొదలైన అంతర్యుద్ధంలో భూస్వాములకు ప్రాణం మీదికొచ్చినప్పుడు సొలేలు వాళ్ళను దాచి కాపాడారు. ఆ కృతజ్ఞతతో పెద్ద పిన్యోల్ ఈ భూమి మీరు చేసుకోండన్నాడు. నోటిమాటే, కాగితం లేదు. ఇప్పుడు ఆ ఇంటి కొత్త తరం వారసుడికి పీచ్ చెట్ల కంటే సోలార్ పలకలు లాభంగా కనిపించాయి. ఈ వేసవి కాపు కోసుకోండి, ఆ తర్వాత చెట్లు తీసేస్తాం అన్నాడు. సినిమా ఆ ఆఖరి కాపు గురించి. తాత రొజెలియో, కొడుకు కిమెత్, కోడలు దొలోర్స్, వాళ్ళ ముగ్గురు పిల్లలు రొజెర్, మరియోనా, ఐరిస్, కిమెత్ చెల్లెళ్ళు, బావ, మేనల్లుళ్ళు: ఇల్లు నిండా మనుషులు. నటించిన వాళ్ళలో దాదాపు అందరికీ అదే మొదటి సినిమా.

కార్లాను పెంచిన తల్లి పుట్టింటివాళ్ళు అల్కర్రాస్‌లో పీచ్ రైతులు. అక్కడి తాతగారు పోయాక, ఈ చెట్లు ఏదో ఒకనాడు ఉండవేమోనన్న ఆలోచనతో ఆమెకీ కథ పుట్టింది. అర్నావ్ విలారోతో కలిసి స్క్రిప్టు రాసింది. రాసిన తర్వాత చిక్కొచ్చింది. ఈ మనుషుల్ని ఎవరు ఆడాలి? లేయిదా పల్లెల కాటలాన్ యాస బార్సెలోనా మాటలా ఉండదు. నేర్చుకుని పలికితే ఆ ప్రాంతంవాళ్ళు మొదటి వాక్యంలోనే పట్టేస్తారు. అంతకంటే పెద్ద సంగతి చేతులు. కాయ ముదిరిందా, పండిందా అన్నది చూపుతో కాక వేళ్ళతో తెలుసుకునే మనిషి చెయ్యి ఎలా కదులుతుందో ఏ శిక్షణా రెండు వారాల్లో నేర్పలేదు. అందుకని ఆమె బృందం చుట్టుపక్కల ఊళ్ళ జాతరలకు వెళ్ళింది. ఏడాదికి పైగా తిరిగి, సుమారు 9,000 మందిని చూసింది.

మొదట ఆమె అనుకున్నది ఒకే ఇంటివాళ్ళు దొరికితే బాగుండునని. దొరకలేదు. తండ్రి ఒక ఊరివాడు, తల్లి ఇంకో ఊరామె, పిల్లలు తలో చోటివాళ్ళు. కవల మేనల్లుళ్ళుగా వేసిన ఇద్దరే ఒకే ఇంటివాళ్ళు. ఇక్కడ చాలామంది దర్శకులు చేసేదేమిటంటే, దొరికిన మంచి ముఖాలకు సంభాషణలు బట్టీ పట్టించి, సెట్లో కాస్త చనువు పెరగనిచ్చి, మిగిలింది ఎడిటింగ్‌లో చూసుకోవడం. కార్లా ఆ ప్రాంతంలో ఓ ఇల్లు అద్దెకు తీసుకుంది. షూటింగుకు ముందు నెలల తరబడి, పనులు ముగిశాక మధ్యాహ్నాలు, వాళ్ళందరూ ఆ ఇంటికి వచ్చేవారు. అక్కడ వాళ్ళు స్క్రిప్టులోని సన్నివేశాలను ఆడలేదు. స్క్రిప్టు మొదలవడానికి ముందు ఆ కుటుంబంలో జరిగి ఉండాల్సిన వాటిని ఆడారు. తెరమీద ఎప్పటికీ రాని రోజులవి. పాత్రల మధ్య అలకలూ అలవాట్లూ ఆ ఇంట్లో ఏర్పడ్డాయి. ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎవరి కోపాన్ని ఎవరు పట్టించుకోరు, తాతయ్య మాట మొదలుపెడితే ఎవరు ముందు లేచిపోతారు అన్నవి అక్కడే స్థిరపడ్డాయి.

ఇది రిహార్సల్ అనే మాటలో ఇమడదు. నటులకు ఆమె ఇచ్చింది ఉమ్మడి జ్ఞాపకం. సినిమాలో దొలోర్స్ భర్త భుజాలు పడుతుంటే, ఆ నొప్పి ఎక్కడుందో అడగకుండానే ఆమె వేళ్ళు అక్కడికి చేరతాయి. భోజనాల దగ్గర ఒకరు మాట మొదలుపెట్టగానే ఇంకొకరు దాన్ని మధ్యలో అందుకుంటారు, మూడోవాళ్ళు పిల్లాడి చెయ్యి తీసి పళ్ళెం జరుపుతారు. ఏ మాట ముఖ్యం, ఏది కాదు అన్నది వాళ్ళ నడవడిలో కనిపించదు, ఎందుకంటే ఇళ్ళల్లో అది ఎవరికీ ముందు తెలియదు. కుటుంబం అంటే ప్రేమగా చూసుకోవడమని నటించే కుటుంబాలు సినిమాల్లో కోకొల్లలు. ఒకరినొకరు చూడకుండా కూడా పక్కనున్న మనిషి ఎక్కడున్నాడో తెలిసిన శరీరాల్ని చూపించినవి చాలా తక్కువ.

బంధుత్వాన్ని కల్పించడంలో ఇంకో చిన్న ఉపాయం కూడా ఉంది. పట్నం నుంచి వచ్చే కిమెత్ చెల్లెలు గ్లోరియా పాత్రను కార్లా తోబుట్టువు బెర్తా పీపో వేసింది. కథలో ఆ మనిషి ఈ ఇంటిదే అయినా బయటిది, ఇక్కడి పనిలో లేనిది. తక్కినవాళ్ళందరూ పొలం మనుషులు కావడంతో ఆ తేడా తనంతట తానే తెరమీదికి వచ్చింది.

ఇంతమంది ఉన్న కథను కెమెరా ఎలా పట్టుకోవాలి? ఛాయాగ్రాహకురాలు దనియెలా కహీయాస్ బొలీవియాలో పుట్టింది. అంతకుముందు 'లాస్ నీన్యాస్' చిత్రానికి స్పెయిన్ సినిమా పురస్కారమైన గోయా అందుకుంది, ఛాయాగ్రహణంలో ఆ పురస్కారం అందుకున్న మొదటి మహిళ ఆమే. 'అల్కర్రాస్'లో కథానాయకుడు లేడు. చూపు ఎవరి దగ్గరా ఎక్కువసేపు నిలవదు. కాసేపు ఐరిస్ ఎత్తులో ఉంటుంది, కాసేపు మరియోనా వెనక, కాసేపు తాతయ్య పక్కన. ఎడిటర్ అనా ప్ఫాఫ్ చేతిలో ఈ మార్పులకు ఓ క్రమం ఏర్పడింది. దీన్ని గమనించడానికి నేను సినిమా మళ్ళీ చూశాను. ఒక సంఘటన ఎవరికి జరిగిందో వాళ్ళ ముఖం దగ్గర షాట్ ఆగదు. ఆ సంఘటనను చూసిన మరో మనిషి దగ్గరికి వెళుతుంది. తర్వాతి సన్నివేశం తరచుగా ఆ చూసిన మనిషిది. అంటే బాధ ఈ ఇంట్లో నోటినుంచి నోటికి కాకుండా కంటినుంచి కంటికి పాకుతుంది.

ఈ పద్ధతికి పరాకాష్ఠ కిమెత్ ఏడ్చే సన్నివేశం. జోర్డి పుజోల్ దొల్సెత్ వేసిన ఈ తండ్రి పాత్ర సినిమా అంతా అరుస్తూనే ఉంటుంది. కూలీలను తగ్గించేస్తాడు, నడుం నొప్పితో తానే బుట్టలెత్తుతాడు, కొడుకు చదువుకోకుండా పొలంలోకి వస్తానంటే కసురుతాడు, సోలార్ పలకల కంపెనీ పనికి ఒప్పుకోవచ్చు కదా అన్న చెల్లెలితో, బావతో మాటలు మానేస్తాడు. అలాంటివాడు ఓసారి కూలబడి ఏడుస్తాడు. దాన్ని సినిమా తన కోసం దాచుకోలేదు. పెద్ద పిల్లలు దాన్ని చూస్తారు. తండ్రి ఏడవడం వాళ్ళు చూడటమే అక్కడి అసలు సంఘటన. నాన్నంటే భయం, కోపం తప్ప ఎరగని రొజెర్ ముఖంలో అప్పుడు కనబడేది జాలి కాదు. ఇల్లు ఎంత బలహీనంగా ఉందో ఆ క్షణంలో అతనికి తెలిసిపోయింది. ఇలాంటి చోట సంగీతం పెట్టకుండా ఉండటానికి దర్శకురాలికి తన నటుల మీద ఎంత నమ్మకం ఉండాలో!

పని చూపించిన తీరు గురించి ఎంత చెప్పినా తక్కువే. మామూలుగా సినిమాల్లో వ్యవసాయం దృశ్యం అవుతుంది: బంగారు వెలుగు, దూరంగా ట్రాక్టరు, పైరగాలి. ఇక్కడ అది షిఫ్టు. పొద్దున చల్లగా ఉండగానే మొదలవుతుంది, ఎండెక్కేసరికి మాటలు తగ్గుతాయి. ఒక చేత్తో కొమ్మ వంచి, ఇంకో చేత్తో పండును ఒత్తకుండా తీసి, మెడకు వేలాడే బుట్టలో పెట్టడం. పీచ్ తొక్క సున్నితం. వేలి గుర్తు పడిందా, ధర పడిపోయినట్టే. రాత్రిళ్ళు కుందేళ్ళు చెట్ల మొదళ్ళు కొరుకుతాయని తుపాకీతో కాపలా తిరుగుతారు. కోత మొదలైతే ఆగడానికి లేదు, పండు ఎవరి కోసమూ ఆగదు కనుక. కరోనా వల్ల 2020 వేసవి పోయి చిత్రీకరణ 2021 వేసవికి జరిగింది. కాయ లేని చెట్టు దగ్గర ఈ సినిమా తీయడం కుదరదు, మరి. ఈ కాలనియమం కథలోకి కూడా వచ్చింది. చెట్లు తీసేస్తారని తెలిసిన రోజు నుంచి వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేరు. కోయాలి. దుఃఖానికి తీరిక లేకపోవడమే ఈ కథను నడిపించే బలం.

పిన్యోల్‌ను విలన్ చేయకపోవడం కూడా ఓ నిర్ణయమే. అతను అరవడు. ఉద్యోగం ఇస్తానంటాడు, తన లెక్కలో అది మేలే. సౌరశక్తి చెడ్డదని సినిమా ఒక్కచోట కూడా అనదు. తాతయ్య పాత స్నేహాన్ని గుర్తు చేయాలని అంజూరపళ్ళు తీసుకెళ్ళి ఇస్తాడు. మాటకు విలువున్న కాలపు మనిషి, కాగితం కాలపు మనిషికి పళ్ళు ఇస్తున్నాడు. ఇద్దరిలో ఎవరూ రెండోవాణ్ణి అవమానించరు, అయినా తాత అక్కడి నుంచి వెనక్కి నడిచేటప్పుడు మన గుండె బరువెక్కుతుంది. అదే ఏడాది స్పెయిన్ నుంచి దాదాపు ఇదే సమస్య మీద మరో గొప్ప సినిమా వచ్చింది, రొద్రీగో సొరొగోయెన్ తీసిన 'ఆస్ బెస్తాస్'. అక్కడ గలీసియా కొండల మీద గాలిమరలు, భూమి ఇవ్వనన్న ఫ్రెంచి దంపతులు, కసి పెంచుకున్న పక్కింటి అన్నదమ్ములు. అది బిగిసి బిగిసి హత్య దాకా వెళ్ళే సినిమా. ఆ బిగువు నాకూ నచ్చింది. 2023 గోయా పురస్కారాల్లో అది తొమ్మిది గెలిస్తే, 11 నామినేషన్లున్న 'అల్కర్రాస్'కు ఒక్కటీ రాలేదు. రెండిట్లో కష్టమైన పని ఏదంటే, నేను కార్లాదే అంటాను. హత్య లేకుండా, శత్రువు లేకుండా, ఒక నేల చేజారడాన్ని రెండు గంటలు చూపు తిప్పుకోనివ్వకుండా చెప్పడం మామూలు సంగతి కాదు. బెర్లిన్ ఉత్సవంలో మాత్రం 2022లో ఎం. నైట్ శ్యామలన్ అధ్యక్షతన కూర్చున్న జ్యూరీ దీనికే అగ్ర పురస్కారమైన గోల్డెన్ బేర్ ఇచ్చింది. కాటలాన్ భాషలో తీసిన సినిమాకు ఆ పురస్కారం అదే మొదటిసారి. స్పెయిన్ చిత్రాల్లో చూస్తే 1983లో మరియో కామూస్ 'లా కొల్మేనా' తర్వాత ఇదే.

లోటు లేదని చెప్పను. రొజెర్ మొక్కజొన్న చేనులో చాటుగా గంజాయి మొక్కలు పెంచే ముచ్చట ఇంకా చాలా సినిమాల్లో చూసిన కుర్రాళ్ళ తిరుగుబాటులాగే ఉంది. గిట్టుబాటు ధర కోసం రైతులు ట్రాక్టర్లతో వచ్చి పీచ్ పళ్ళను రోడ్డుమీద తొక్కించే సన్నివేశం న్యాయమైనదే, నిజమైనదే. కానీ అక్కడ సినిమా కాసేపు తన ఇంటిని వదిలి వీధి నినాదాల్లోకి వెళ్ళినట్టు ఉంటుంది. మళ్ళీ ఇంట్లోకి రాగానే దారిలో పడుతుంది.

ఈ పద్ధతి 'అల్కర్రాస్'తో మొదలైంది కాదు. దాని పుట్టుక తెలియాలంటే మొదటి సినిమాకు వెళ్ళాలి. కార్లా చిన్నతనంలోనే ఆమె తల్లిదండ్రులిద్దరూ ఎయిడ్స్‌తో పోయారు. ఆరేళ్ళప్పుడు మేనమామ ఇంటికి, పల్లెకు చేరింది. 'ఎస్తియు 1993'లో ఫ్రీదా కథ అదే. సినిమా మొత్తంలో ఆ జబ్బు పేరు ఎవరూ ఉచ్చరించరు. ఫ్రీదా మోకాలు చీరుకుపోయి రక్తం కారితే, ఒక తల్లి తన బిడ్డను గబుక్కున పక్కకు లాక్కుంటుంది. మనకు అది చాలు. ఆ పాపకు మాత్రం అర్థం కాదు. తనను చూసి ఎందుకు భయపడ్డారో తెలియకుండానే ఆ సంఘటన ఆమె లోపల ఉండిపోతుంది. కెమెరా ఆమె ఎత్తు దాటి లేవదు కనుక, పెద్దవాళ్ళ మాటలు తలుపు వెనక నుంచో, పక్కగదిలోంచో వస్తాయి. సగం తెలిసిన నిజంతో బతకడం పిల్లల స్థితి. ప్రేక్షకుణ్ణి కూడా ఆమె అదే స్థితిలో కూర్చోబెట్టింది.

ఫ్రీదాగా వేసిన లైయా అర్తీగాస్, మేనమామ కూతురు అనాగా వేసిన పౌలా రోబ్లెస్ చిన్నపిల్లలు. వాళ్ళకు స్క్రిప్టు చదివి వినిపించలేదు. షూటింగుకు ముందు చాలా కాలం కుటుంబంగా వేసినవాళ్ళందరూ కలిసి గడిపారు, ఆడుకున్నారు. అద్దె ఇంటి ఆలోచనకు విత్తనం ఇదే. ఆ సాధన ఫలం ఒక్క సన్నివేశంలో పూర్తిగా కనిపిస్తుంది. ఫ్రీదా పెద్దవాళ్ళలా రంగులు పూసుకుని, ఆరుబయట కుర్చీలో వాలి, అమ్మ వేషం వేస్తుంది. అనా కూతురు. ఆడుకుందాం రా అని కూతురు పిలుస్తుంది. నాకు ఒంట్లో బాలేదు, అలసిపోయాను అని తల్లి జవాబిస్తుంది. పిల్లల ఆట అనుకుని నవ్వబోతాం. అది నిజంగా ఆ పాప వేయిసార్లు విన్న జవాబని తోచేసరికి నవ్వు గొంతులో ఆగిపోతుంది. తల్లి ఎలా ఉండేదో, ఎలా పోయిందో చెప్పే ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటీ లేదు. అవసరం కూడా లేదు, ఆ ఆటే ఫ్లాష్‌బ్యాక్.

సినిమా మొదట్లో బాణసంచా వెలుగులో ఓ పిల్లాడు ఫ్రీదాను నువ్వెందుకు ఏడవట్లేదని అడుగుతాడు. దానికి ఆఖరి సన్నివేశందాకా జవాబుండదు. ఆఖర్న మంచం మీద గెంతుతూ, మామయ్యతో అల్లరి చేస్తూ, నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి భోరుమంటుంది. ఎందుకని అడిగితే తెలియదంటుంది. ఎవరూ ఏమీ గుర్తు చేయలేదు. సంతోషంగా ఉండగా ఏడుపు రావడం ఎంత సరైన కల్పన! కింద నేల గట్టిగా ఉందని నమ్మకం కలిగాక గదా ఎవరైనా కూలబడేది. అంతకుముందు ఆమెకు ఆ ధైర్యం లేదు. ఈ సినిమా బెర్లిన్‌లో తొలి చిత్రానికిచ్చే పురస్కారం తెచ్చుకుంది.

మొదటి సినిమాలో తన జ్ఞాపకం ఉంది. రెండోదానిలో తన బంధువుల జీవితాన్ని ఆధారం చేసుకుని, అపరిచితుల మధ్య జ్ఞాపకాన్ని తయారుచేసింది. 2025లో కాన్ పోటీ విభాగానికి వెళ్ళిన 'రొమెరీయా'లో అంతకన్నా కష్టమైన చోటికి చేరింది: జ్ఞాపకమే లేని చోటు. 2004. పద్దెనిమిదేళ్ళ మరీనా తండ్రి తరపువాళ్ళను మొదటిసారి చూడటానికి అట్లాంటిక్ ఒడ్డునున్న వీగోకు వస్తుంది. చదువుకు కావలసిన స్కాలర్‌షిప్ కోసం, ఆమె ఫలానావాడి కూతురని తాతయ్య, నాయనమ్మ సంతకం చేయాలి. చిన్నాన్నలు, అత్తలు, వాళ్ళ పిల్లలు పడవల మీద, భోజనాల దగ్గర చుట్టూ మూగుతారు. ప్రతివాళ్ళూ ఆమె తల్లిదండ్రుల గురించి ఒక్కో కథ చెబుతారు. ఏ రెండూ కలవవు. కొడుకుకు ఎయిడ్స్ అని బయటపడకుండా దాచుకున్న కుటుంబం అది. ఆ సిగ్గు చుట్టూ కట్టిన మర్యాదలో మరీనాకు చోటు చూపించడానికి వాళ్ళకు మనసొప్పదు.

గమనించండి, 'అల్కర్రాస్' పనితనం ఇక్కడ తిరగబడింది. అక్కడ గుంపులో ప్రతి శరీరానికీ పక్క శరీరం తెలుసు. ఇక్కడ అంతే నిండైన గుంపు, అంతే సందడి, వాళ్ళందరికీ ఒకరికొకరు తెలుసు. తెలియంది మరీనా ఒక్కతికే. ఎక్కడ కూర్చోవాలో, ఎవరిని చూసి నవ్వాలో తెలియక చేతిలో చిన్న వీడియో కెమెరా పట్టుకు తిరుగుతుంది. మరీనాగా వేసిన లూసియా గార్సియాకు ఇది తొలి చిత్రం. ఆమె చుట్టూ బంధువుల అలవాటైన మాటలు దొర్లుతుంటే, తెలియని ఇంట్లో చుట్టంగా నిలబడే ఆ బెరుకును ఆమె భుజాలతోనే చెప్పింది. ఛాయాగ్రహణం ఎలెన్ లూవార్‌ది. సముద్రపు గాలి, తేమ, కాస్త చెదిరిన వెలుగు ఆమె పట్టుకున్న తీరు పీచ్ తోటల పొడి ఎండకు పూర్తిగా భిన్నం.

మరీనా దగ్గర తల్లి డైరీ ఉంది. కార్లా సొంత తల్లి రాసిన ఉత్తరాలు దానికి ఆధారం. బంధువులు ఇవ్వనిది ఆ పుటలు ఇస్తాయా? పూర్తిగా ఇవ్వవు. అందుకే సినిమా చివరి భాగంలో కార్లా ఇంతకుముందెప్పుడూ చేయనిది చేసింది. పరిశీలనను వదిలేసి కలలోకి దిగింది. 1980ల వీగో, సముద్రం, ప్రేమ, హెరాయిన్, ఓ యువ జంట. మరీనా తల్లిగా మళ్ళీ లూసియా గార్సియాయే. తండ్రిగా వేసింది అంతకుముందు కజిన్ నునోగా కనిపించిన మిచ్. ఈ మలుపు కొందరికి రుచించకపోవచ్చు, అంతదాకా ఉన్న నిదానం అక్కడ తెగుతుంది. నాకు మాత్రం ఇది ఆమె పద్ధతికి సహజమైన ముగింపులా తోచింది. మొదటి రెండు సినిమాల్లో షూటింగుకు ముందు ఓ ఇంట్లో కూర్చోబెట్టి నటులకు ఏ గతాన్ని అమర్చి పెట్టిందో, అలాంటి గతాన్నే ఇక్కడ నాయిక తనకు తానే అమర్చుకుంటుంది, అదీ మన కళ్ళముందే. మరుగున జరిగే పని తెరమీదికి వచ్చింది. ఇకమీదట ఆమె తీసే సినిమాలో నేను మొదట చూడబోయేది కథను కాదు, ఆ గతాన్ని ఈసారి ఎక్కడ కట్టిందన్నదే.